పరుగు ఒక్కసారే అన్న సారు

గేమ్స్ సారు పోయాడన్న కబురు మా హైస్కూలు ఆఫీసు ఫోనుకు వచ్చింది. రెండో పీరియడ్ నడుస్తోంది. నేను గ్రౌండులో ఆరో తరగతి పిల్లల్ని వరసలో నిలబెట్టలేక అరుస్తున్నాను. హెడ్మాస్టరు గుమ్మం దాకా వచ్చి, గొంతు సవరించుకుని, "అమ్మా, చిత్తూరు నుంచి ఫోను. మీ గురువుగారు పరమపదించినారంట. జిల్లా క్రీడారంగానికి తీరని లోటు" అన్నాడు. క్రీడారంగం మీద ఆయనకున్న ప్రేమ నాకు తెలుసు. మా లాంగ్‌జంప్ గుంత పక్కన మేకు కొట్టి తన ఆవును కట్టేసుకుంటాడు.

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అని పెద్దలు ఊరికే అనలేదు. వారం తిరక్కుండా సంతాపసభ పెట్టారు. క్రీడా భీష్ముడన్నారు, నిస్వార్థ సేవకుడన్నారు, క్రమశిక్షణకు మారుపేరన్నారు. అన్నవాళ్ళలో సగం మంది భోజనాల పంక్తికి తప్ప జన్మలో పరిగెత్తి ఎరగరు. జిల్లా అథ్లెటిక్ సంఘానికి ఇప్పుడు కార్యదర్శిగా ఉన్నాయన ఏకంగా కన్నీళ్ళు పెట్టుకుని, సారు నాకు తండ్రి లాంటివాడన్నాడు. ఆ తండ్రి ఆసుపత్రి మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఈ కొడుకు అటువైపు తొంగి చూడలేదు.

నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. వాళ్ళ మధ్య నాకు నోరు రాలేదు. అందుకని మీకు చెబుతున్నాను. ముందే ఒక మాట అనుకుందాం, నేను ఆయన్ని పొగడడానికి కూర్చోలేదు. చాలా ఏళ్ళుగా ఆయనంటే నాకు చిన్నచూపు. మనిషి పోయాడు కదా అని దాన్ని కడిగేసుకుని పూలదండ పట్టుకుంటే నాకూ ఆ కార్యదర్శికీ తేడా ఏముంది? పైగా మనుషుల్ని చిన్నచూపు చూడడం కూడా నాకు ఆయన నేర్పిన విద్యే.

డెబ్బైల మధ్యలో నేను చిత్తూరులో కాలేజీ చదువుతున్నాను. మాది పూతలపట్టు వైపు పల్లె. నాయనకు కొంచెం చెరుకు తోట, ఒక బెల్లం గానుగ. సాయంత్రం కాలేజీ వదిలి నేను బస్టాండుకు చేరేలోపే మా ఊరి బస్సు కదిలిపోయేది. నేను పుస్తకాలు చంకన పెట్టుకుని, చెప్పులు చేతిలో పట్టుకుని దాని వెంటబడి, రైల్వే గేటు దగ్గర పట్టుకునేదాన్ని. ఒకరోజు టీ అంగడి ముందు నిలబడి వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న మనిషి నా దారికి అడ్డంగా వచ్చాడు.

"ఏమ్మే, దినామూ బస్సునేనా పట్టుకునేది? గేటు పడితే అది యెట్లాగైనా నిలస్తాది. అందులో నీ గొప్పేముండాది? నిలవనిదాన్ని పట్టుకుందువు, రేపు పొద్దన్నే గ్రౌండుకు రా."

"మీరెవురు?" అన్నాను.

"మీ కాలేజీ గేమ్స్ సార్ని. నేనెవురైతే నీకేమిలే. నీ కాలు సప్పుడు బజారంతా యినపడతా ఉండాది. గాడిద మాదిరి పరిగెత్తతా ఉండావు."

మా గురుశిష్య బంధం అంత పవిత్రంగా మొదలైంది. ఆ సాయంత్రం బస్సు కూడా పోయింది.

గ్రౌండులో ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఇనుపగుండు విసిరేవాడు కొంచెం మెత్తగా వదిలితే "అది గుండురా, సంగటి ముద్ద గాదు, మెల్లంగా తట్టలో పెట్టేదానికి" అనేవాడు. కార్వేటినగరం నుంచి వచ్చినవాడొకడు జావెలిన్ వేసేవాడు. వాడిని "రాజుల ఊరోడివి, ఈటె యెయ్యరా అంటే దోటితో మామిడికాయలు కోస్తా ఉండావేందిరా" అని అందరి ముందూ కడిగేసేవాడు. ఆడపిల్లలని మాకేమీ మినహాయింపు లేదు. నేను అలిసిపోయి నడుం మీద చేతులు పెట్టుకుంటే "అమ్మోరికి హారతి పట్టండ్రా" అనేవాడు. మేము ఏడ్చేవాళ్ళం. మర్నాడు పొద్దున్నే మళ్ళీ పోయేవాళ్ళం. ఎందుకు పోయేవాళ్ళమో అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలుసు. ఆ గ్రౌండులో ఆయన తప్ప మమ్మల్ని పట్టించుకుని తిట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు.

విజిల్‌కు తాడు బదులు పాత బూటు లేసు. తెల్ల క్యాన్వాసు బూట్లకు చాక్‌పీసు అరగదీసి పూసేవాడు. జేబు నిండా వేరుశనక్కాయలు. ట్రాకుకు సున్నం గీతలు మనిషి చేత గీయించొచ్చు, కాలేజీలో అటెండరు ఉన్నాడు. కానీ తెల్లవారకముందే బకెట్టు పట్టుకుని తనే వంగి గీసేవాడు. మేము పరిగెత్తేటప్పుడు చాలాసార్లు మాకు వీపు తిప్పి నిలబడేవాడు. కాయలు పటపటా చిదుముతూ వినేవాడు.

"నేల మీద కోపమేంది మే నీకు? అది నిన్నేం జేసింది? అడుగు పెట్టు, తీసెయ్. యినపడకూడదు. సప్పుడొస్తే బలమంతా నేలకు పెట్టేసినట్టే."

అడుగు వినపడకపోతే ఆ రోజుకు తిట్లు ఉండేవి కావు. ఆయన నోటినుంచి వచ్చే పెద్ద మెప్పు కూడా ఒకే మాట, "యినపడలా." అంతకు మించి ఎవరినీ మెచ్చుకోగా నేను చూడలేదు. ఆ మాట కోసం మేము చెప్పులు లేని కాళ్ళతో గులకరాళ్ళ మీద పరిగెత్తేవాళ్ళం.

ఇంకొక మాట కూడా ఉండేది. కాలు జారిందనో, పక్కవాడు మోచేత్తో పొడిచాడనో ఎవరైనా పందెం మళ్ళీ పెట్టమని అడిగితే వెంటనే అనేవాడు, "పరుగు వొగసారే. రెండోసారి పరిగెత్తితే అది డ్రామా. డ్రామా కావాలంటే పండక్కి వేసుకోండి, రంగులు నేను తెస్తా." ఒకసారి కాలేజీ స్పోర్ట్స్ రోజున ప్రిన్సిపాలు ఆలస్యంగా వచ్చి, అయ్యో, మా అబ్బాయి పరుగు చూడలేకపోయానే, ఇంకోసారి పెట్టించకూడదా అన్నాడు. సారు టోపీ కూడా తియ్యకుండా, "అయిపాయ సార్. రేపొచ్చి పెండ్లి సూడలేదంటే తాళి మళ్ళా కట్టిస్తారా?" అన్నాడు. మేమంతా తెల్లబోయాం. ప్రిన్సిపాలు నవ్వి ఊరుకున్నాడు. ఆ రోజు మా సారు మాకు గోపురమంత ఎత్తు కనిపించాడు.

అట్లాంటి మనిషిని చెడగొట్టడానికి మా జిల్లావాళ్ళకు పెద్ద కష్టమేమీ కాలేదు. ఒక కుర్చీ వేస్తే చాలింది.

జిల్లా అథ్లెటిక్ సంఘానికి ఆయన్ని కార్యదర్శిని చేశారు. కార్యదర్శి కాగానే సఫారీ సూటు కుట్టించుకున్నాడు. వేరుశనక్కాయలు పెట్టుకుంటే జేబు ఉబ్బెత్తుగా కనిపిస్తుందని అవి మానేశాడు. అంతకుముందు ఆయన బుర్రలో మా పరుగుల టైములుండేవి. ఇప్పుడు ఎవరిని సోఫాలో కూర్చోబెట్టాలి, ఎవరికి మెత్త వేసిన కుర్చీ, ఎవరికి ఉట్టి ఇనుప కుర్చీ అన్న శాస్త్రం చేరింది. బ్యాడ్జీలలో పెద్ద పూవు ఎవరికో, తోకలున్న చిన్న పూవు ఎవరికో ఆయనకు కంఠతా వచ్చు. గజమాల తిరుపతిలో కట్టించాలా చిత్తూరులోనా అని సంఘంవాళ్ళు ఒక మధ్యాహ్నమంతా మాట్లాడుకుంటుంటే చెవులారా విన్నాను. సున్నం గీతలు అటెండరు గీశాడు. అవి పాము పోయినట్టు పోయాయి, సారు చూడలేదు.

సారు భార్యను మేమంతా అక్కా అనేవాళ్ళం. మాకు నానబెట్టిన శనగలు పంపేది ఆమే. ఒకరోజు నాతో, "మీ సారు యాడుండాడో నాకూ తెలీదు పాపా. గ్రౌండులో ఉంటే పిలవొచ్చు. గెస్ట్‌హౌసులో పెద్దోళ్ళతో ఉంటే పిలవకూడదంట" అంది.

నా డిగ్రీ చివరి సంవత్సరం జిల్లా పోటీలు తిరుపతిలో పెట్టారు. నాకు అవి ఆటలు కావు. మా నాయన ఒక మాట అనేశాడు. "యెంత పరిగెత్తినా సాయంత్రానికి ఇంటికే గదా మే వచ్చేది. రాష్ట్రం పోటీలకు నిన్ను ఎత్తుకుంటే సరే, ఆ పైసదువుకు పో. ల్యాకుంటే వచ్చి గానుగ తావ కూర్చో." ఆ పైచదువు వ్యాయామ కళాశాల. రాష్ట్ర పోటీలకు పోయినవాళ్ళకు అందులో సీటు ఖాయం. జిల్లాలో మొదటి స్థానం వస్తేనే రాష్ట్ర పోటీలకు పంపుతారు. కాబట్టి నా బతుకంతా ఎనిమిది వందల మీటర్ల మీద, అంటే ఆ ట్రాకు మీద రెండు చుట్ల మీద ఆధారపడి ఉంది.

ఫైనలు పొద్దున్నే జరిగింది. ఎదురుగా కొండ మీద ఇంకా మంచు ఉంది. మదనపల్లె అమ్మాయి ఒకతె నాకు గట్టి పోటీ. చివరి మలుపులో ఆమె ఊపిరి నా మెడకు తగులుతోంది. వెనక్కి చూడాలనిపించింది. "యెనక్కి సూసినావంటే సగం అడుగు వాళ్ళకు దానం చేసినట్టే" అని ఆయన చెప్పింది గుర్తొచ్చి చూడలేదు. ఊలు దారం నా ఛాతీకి తగిలి తెగింది. సారు సఫారీలోనే గీత దగ్గర వాచీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా వైపు చూసి మెల్లగా అన్నాడు, "యినపడలా."

అంతే, నాకు ఇంకేమీ అక్కరలేకపోయింది. రాష్ట్రం పోటీలు, సీటు, నాయన, అన్నీ అందులోనే ఉన్నాయి. షామియానా నీడలో కూర్చుని పులిహోర పొట్లం నాది తిన్నాను, స్నేహితురాలిదీ తిన్నాను. గెలిచినదానికి ఆకలెక్కువ.

ముఖ్య అతిథి మంత్రిగారు. పది గంటలకు రావాల్సిన మనిషి. ముందు కొండెక్కి స్వామిని చూసుకుని వస్తానన్నాడట. స్వామి దగ్గర ఎంతసేపు పట్టిందో, ఆ తర్వాత భోజనం దగ్గర ఎంతసేపు పట్టిందో మాకు తెలీదు. మార్చ్‌పాస్టు కోసం నిలబెట్టిన చిన్నపిల్లలు ఎండకు కళ్ళు తిరిగి పడిపోతుంటే ఎత్తుకుని నీడకు మోశారు. పందేలన్నీ అయిపోయాయి. పొద్దు వాలాక కార్లు వచ్చాయి. మంత్రిగారు నుదుట నామం చెరగకుండా సోఫాలో కూర్చుని, గజమాల వేయించుకుని, "ఏదీ, ఆటలేవీ?" అన్నాడు.

ఏదీ లేదు. అయిపోయాయి. ఆ మాట చెప్పడానికి అక్కడున్న పెద్ద బ్యాడ్జీలలో ఒక్కడికీ నాలిక తిరగలేదు.

సారు షామియానాలో మా దగ్గరికి వచ్చాడు. రావడం కాదు, పరిగెత్తాడు. ఆయన పరిగెత్తగా చూడడం నాకదే మొదలు. అడుగుల చప్పుడు బాగానే వినిపించింది.

"అమ్మిలూ, బిన్నా లేవండి, తొందరగా. మంత్రిగారు వొక పరుగన్నా సూడాల. ఎనిమిది వందలు ఇంకోతూరి. ఊరికే, ఆయన సూసేదానికి."

"పరుగు వొగసారే అంటిరి గదా సార్" అన్నాను.

ఆయన నా కళ్ళలోకి చూడలేదు. "ఇది పరుగు గాదు పాపా, మర్యాద. గమ్మున రా."

పోయాను. పొట్టలో రెండు పొట్లాల పులిహోర ఉంది. ఊరికేనన్న మాట మీద నమ్మకం కూడా ఉంది. మైకు పట్టుకున్నవాడు మాత్రం ఊరికే అనలేదు. "ఇప్పుడు గౌరవ మంత్రివర్యుల సమక్షంలో మహిళల ఎనిమిది వందల మీటర్ల ఫైనల్!" అని గొంతు చించుకున్నాడు. నేను మర్యాదగా పరిగెత్తాను. మదనపల్లె అమ్మాయికి మర్యాదగా పరిగెత్తడం చేతకాదు. ఆ పిల్లది తప్పేమీ లేదు. పరిగెత్తమన్నారు, ప్రాణం పెట్టి పరిగెత్తింది, నాకంటే ముందు వచ్చింది. మంత్రిగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కప్పు ఆ పిల్ల చేతిలో పెట్టి, "ఈ బిడ్డ రాష్ట్రానికి పోవాల, మన జిల్లా పేరు నిలబెట్టాల" అని ప్రకటించాడు. ఫోటోలు తీశారు. సారు మంత్రిగారి పక్కన రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు. ప్రిన్సిపాలుకు తాళి సంగతి చెప్పిన మనిషే.

కార్లు పోయాక నేను ఆయన దగ్గరికి పోయాను.

"సార్, పొద్దన పరిగెత్తింది?"

"మంత్రిగారు సూసింది రెండోది పాపా."

"మొదటిది ఎవురూ సూడలేదా?"

విజిల్ లేసు వేలికి చుట్టుకున్నాడు. "నేను సూసినా" అన్నాడు. "నేను సూస్తే యేమొస్తాదిలే."

ఆ క్షణాన నాకు ఆయన మీద కోపం రాలేదని చెబితే నమ్ముతారా? కోపానికి ఎదుట ఒక మనిషి ఉండాలి. అక్కడ సఫారీ సూటు ఒకటే ఉంది. పెద్దల ముందు నిజం చెప్పే ధైర్యం లేనివాడికి నేల మీద అడుగు ఎట్లా వెయ్యాలో చెప్పే హక్కెక్కడిది? తిరుపతి నుంచి బస్సులో వస్తూ దారి పొడుగునా అదే అనుకున్నాను.

నేను గానుగ దగ్గర కూర్చున్నాను. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం సారు మా పల్లెకు వచ్చాడు. సఫారీలో కాదు, పాత చొక్కాలో. బెల్లం వండే పెద్ద పెనంలో పాకం ఉడుకుతోంది. నాయన మంచం వేసి చెరుకు రసం ఇచ్చాడు. సారు తాగాడు. ఏ రకం చెరుకుకు రసమెక్కువో అడిగాడు. వానల సంగతి అడిగాడు. పాకం ముదిరిందని ఎట్లా తెలుస్తుందని అడిగాడు. నేను పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోస్తూ, ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని చెవి అటే పెట్టుకున్నాను. చెప్పలేదు. పిరికితనానికి కూడా ఒక హద్దుంటుందనుకునేదాన్ని, లేదని ఆ రోజు తెలిసింది. ఆకులో పెట్టిన వేడి బెల్లం తిని, వేలు కాల్చుకుని, పోయాడు.

ఆయన వెళ్ళాక నాయన పాకం గరిటెతో కలబెడుతూ అన్నాడు. "ఆయప్ప నోరు తెరిసి యేమీ చెప్పలా. మొగం మాత్రం సూసినా. మనింట్లో యేందో పారేసుకున్నోడి మాదిరి కూర్చున్నాడు. ఇంకో యేడు పో మే. పోయి పరిగెత్తు."

ఆ సంవత్సరం నేను అసహ్యంతో పరిగెత్తాను. తెల్లవారుజామున గ్రౌండుకు పోతే సున్నం గీతలు మళ్ళీ తిన్నగా ఉండేవి. ఎవరు గీస్తున్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మరుసటి ఏడు జిల్లా పోటీల్లో మొదట వచ్చాను. నాతో మాట్లాడబోయాడు. నమస్కారం పెట్టి పక్కకు తప్పుకున్నాను. రాష్ట్రానికి పోయాను. అక్కడ ఏమీ పొడిచెయ్యలేదు గానీ సీటు వచ్చింది, తర్వాత చంద్రగిరి వైపు హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా ఉద్యోగం వచ్చింది. నా కాళ్ళు అత్యంత బాగా ఆడిన సంవత్సరం మాత్రం మంత్రిగారి మర్యాద కింద పోయింది. దాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

సారు పైకి పోయాడు. రాష్ట్ర సంఘంలో పదవి, జట్లకు మేనేజరుగా రైలు ప్రయాణాలు, నీలం బ్లేజరు. ఎక్కడ ఫోటో చూసినా ఒక నాయకుడి భుజం వెనక సగం మొహం ఉండేది. "పరుగు వొగసారే" అన్న మాట ఆయన నోట మళ్ళీ విన్నానన్నవాళ్ళు నాకు కనపడలేదు. ఆ మాటను నేను ఎత్తుకొచ్చుకున్నాను. మా స్కూలు స్పోర్ట్స్‌కు ఏ అధికారి ఎప్పుడు వచ్చినా పందేలు మాత్రం చెప్పిన వేళకు జరిగిపోతాయి. నా గొంతు, నా తిట్లు, పిల్లలకు వీపు తిప్పి అడుగుల చప్పుడు వినే అలవాటు, అన్నీ ఆయనవే. నేను తక్కువగా చూసే మనిషి దగ్గరే నా బతుకుతెరువంతా నేర్చుకున్నాను. ఈ సంగతి చెప్పుకోవడం నాకిష్టం లేదు, కానీ అబద్ధం ఆడలేను.

పోయినేడు పదవులన్నీ పోయాక, పిలవకుండానే మా స్కూలు స్పోర్ట్స్‌కు వచ్చాడు. చిక్కిపోయాడు. సఫారీ లేదు. ఇనుప కుర్చీలో వెనకెక్కడో కూర్చుని జేబులోంచి వేరుశనక్కాయలు తీసి ఒలుస్తున్నాడు. ఆ రోజు ముఖ్య అతిథి విద్యాశాఖ అధికారి. ఆయన వచ్చేసరికి పందేలు అయిపోయాయి. హెడ్మాస్టరు నా చెవి దగ్గర, ఒక్క పరుగు మళ్ళీ పెట్టించమ్మా, బాగుండదు అని బతిమాలాడు. "అయిపోయింది సార్, పిల్లలు అన్నాలు తింటున్నారు" అన్నాను. అధికారి మూతి ముడుచుకుని బహుమతులిచ్చి పోయాడు.

అంతా అయ్యాక సారు నా దగ్గరికి వచ్చాడు.

"నీకు రవంత గూడా మర్యాద తెలీదు పాపా. ఎవురు నేర్పించినారు?"

"మీరే సార్."

నవ్వాడు. నవ్వి, గుప్పెడు కాయలు నా చేతిలో పోసి, బస్సుకు నడిచాడు. క్షమించమని అడుగుతాడేమోనని నేను చాలా ఏళ్ళు ఎదురుచూశాను. ఆయన నాకిచ్చింది ఆ గుప్పెడు కాయలే. తిన్నాను.

ఇక ఆయన పోయిన రోజు సంగతి. నేను చిత్తూరు చేరేసరికి ఇంటి ముందు షామియానా వేశారు. శవానికి నీడ కోసమనుకునేరు. సంఘంవాళ్ళ బ్యానరుకు, మైకుకు, పూలచక్రం పెట్టే స్టాండుకు. సారు మాత్రం దాని అంచున, సగం ఎండలో ఉన్నాడు. మైకు దగ్గర ఉన్నది నేను ముందే చెప్పిన కార్యదర్శి. తిరుపతిలో ఆ రోజు మైకు పట్టుకుని గొంతు చించుకున్నవాడు అతనే.

"ఇంకా యెత్తరేమి?" అని అడిగాను.

"పెద్దాయన వస్తా ఉండాడమ్మా. పొద్దన్నే రావాల్సింది, దోవలో ఉండాడు" అన్నాడు.

పెద్దాయన అంటే ఎవరో కాదు, ఆ మంత్రిగారే. ఇప్పుడు మాజీ. పదవి పోయినా ఆలస్యం పోలేదు.

మధ్యాహ్నం తిరిగింది. ఈగలు ముసురుతున్నాయి. అక్క కొంగుతో విసురుతూ కూర్చుంది. చివరికి వాళ్ళ బంధువుల్లో ఒక ముసలాయన లేచి, "పీనిగను ఎండబెట్టినారు, ఇంక చాలు, ఎత్తండి" అని గదిమాడు. పాత శిష్యులు నలుగురు పాడెకు భుజం పట్టారు. ముందు కార్వేటినగరం జావెలిన్‌వాడు. నెత్తిన జుట్టు పలచబడింది, భుజం మాత్రం అట్లాగే ఉంది. చెప్పులు విడిచారు. డప్పులు మొదలయ్యాయి. పాడె వీధి సగం దాటిందో లేదో, ఇటు చివర కారు హారన్ వినపడింది.

కార్యదర్శి ప్రాణం లేచొచ్చినట్టు వీధిలోకి ఉరికాడు. "ఆగండి, ఆగండి! పెద్దాయన వచ్చేసినాడు! యెనక్కి తీసుకురండి, ఈడ దించండి. రెండే నిమిషాలు. ఆయన పూలచక్రం పెట్టాల, ఫోటో ఉండాది!"

"ఆయన్నే ఆడికి పోమనప్పా" అన్నారెవరో.

"మోకాలు నొప్పి. నడవలేరు. మైకు గూడా ఈడే గదా ఉండేది!"

పాడె ఆగింది. డప్పులు ఆగాయి. ఎత్తిన శవాన్ని మళ్ళీ ఇంటి ముందుకు తేవడం మా వైపు ఏ కులంలోనూ లేదు. అక్క గుమ్మంలో నిలబడి, "ఎత్తినాక యెనక్కి తెస్తారా యాడన్నా?" అని సన్నగా అంది. ఆమె మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. మోసేవాళ్ళు మొహాలు చూసుకున్నారు. పెద్దల మాట కాదనడం మా జిల్లాలో ఎవరికీ అలవాటు లేదు. సారుకే లేకపాయె. పాడె మెల్లగా ఇటు తిరగడం మొదలైంది. పూలు జారుతున్నాయి. కారు తలుపు తెరుచుకుంది, తెల్ల చెప్పు ఒకటి బయటికి వచ్చింది.

చచ్చాక కూడా ఈయన చేత రెండోసారి పరిగెత్తిస్తున్నారు అనుకున్నాను. నన్ను పరిగెత్తించినవాడే కదా, అనుభవించనీ అని ఒక్క క్షణం అనిపించింది కూడా. అంతలో ఎండకు కమిలిన ఆ మొహం మా వైపు తిరిగింది. గానుగ దగ్గర మంచం మీద కూర్చున్న రోజున ఉన్న మొహం అది. ఇక నా వల్ల కాలేదు. వీధి మధ్యకు పోయి, పొట్టలోంచి గొంతు తీసి, ఆయన అరిచినట్టే అరిచాను.

"రేయ్! యెనక్కి సూడాకండ్రా! పరుగు వొగసారే! పోండి!"

జావెలిన్‌వాడు నన్ను చూశాడు. వాడి మీసం కింద ఏదో కదిలింది. మిగతా ముగ్గురికీ ఏదో అన్నాడు. పాడె మళ్ళీ అటు తిరిగింది. ముందు నడిచారు, తర్వాత నడక పెరిగింది, డప్పులవాళ్ళు కూడా ఉషారుగా వాయిస్తూ ముందుకు ఉరికారు. కార్యదర్శి మైకు తీగ కాళ్ళకు చుట్టుకుని "ఆగండప్పా, ఆగండి" అంటూనే ఉన్నాడు. పెద్దాయన ఒక కాలు కారులో, ఒక కాలు నేల మీద పెట్టుకుని, ఒళ్ళో పూలచక్రంతో అట్లాగే ఉండిపోయాడు. ఆయన చూడడానికి ఏమీ మిగల్లేదు.

అక్క వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం వీధిలో నిలబడి చూశాం. నడివయసు మనుషులు నలుగురు, పాడె భుజాల మీద కుదుపు లేకుండా, ఒకే అడుగుగా పరుగు లాంటి నడకతో పోతున్నారు. వెనక బంతిపూలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. రైల్వే గేటు మలుపు దగ్గర డప్పులు ముందు కనుమరుగయ్యాయి, వాటి మోత తగ్గిపోయింది. ఆ తర్వాత కొంచెంసేపు పాడె ఒక్కటే కనిపించింది. నాకు తెలీకుండానే వీపు అటు తిప్పి, కళ్ళు మూసుకుని, చెవి పెట్టాను.

వాళ్ళ కాళ్ళ చప్పుడు వినపడలేదు.